ఎనిమిదో నెల, 14 కిలోలు పెరిగాను... రాత్రి అన్నం మానేయనా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. తొలి కాన్పు, ఇప్పుడు 33వ వారం. ఎత్తు 155 సెంటీమీటర్లు. గర్భం రాకముందు 58 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 72. అందులో మూడు కిలోలు ఈ రెండు వారాల్లోనే పెరిగాను. సాయంత్రానికి కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. మా అత్తగారేమో ఇద్దరికి సరిపడా తినాలంటారు, నాకేమో కాన్పయ్యాక ఈ బరువు దిగదేమోనని టెన్షన్. రాత్రి అన్నం మానేయొచ్చా? పథ్యం చేసి, నడుముకి గుడ్డ కట్టుకుంటే పొట్ట తగ్గుతుందా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అన్నం సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు ఆ మూడు కిలోల సంగతి తేలాలి. ఈ నెలల్లో రెండు వారాలకి ఒక కిలో దాకా పెరగడం మామూలే. మూడు కిలోలంటే మాత్రం అదంతా తిండి వల్ల పట్టిన కొవ్వు అయ్యే అవకాశం తక్కువ, ఒంట్లో నీరు చేరి ఉండొచ్చు. సాయంత్రానికి పాదాలు వాచి, పడుకుని లేచేసరికి తగ్గిపోతుంటే కంగారు పడక్కర్లేదు, చాలామందికి ఉండేదే. కానీ పొద్దున్నే ముఖం ఉబ్బినట్టున్నా, చేతివేళ్లు వాచి ఉంగరం రాకపోయినా, మాత్ర వేసుకున్నా తగ్గని తలనొప్పి ఉన్నా, కళ్లు మసకబారినా, మెరుపుల్లా కనిపించినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా అదే రోజు, రాత్రయినా సరే, ఆస్పత్రికి వెళ్లండి. ఇవేవీ లేకపోయినా తర్వాతి చెకప్ దాకా ఆగకుండా రేపో ఎల్లుండో బీపీ చూపించుకుని, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. బీపీ 140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అది ప్రీ ఎక్లాంప్సియా, అంటే గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగే జబ్బు కావొచ్చు. ముదిరితే ఫిట్స్ వస్తాయి, మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది దాన్నే. వాపు ఉందని నీళ్లు తాగడం తగ్గించేవాళ్లున్నారు, దానివల్ల వాపు తగ్గదు, మలబద్ధకం మాత్రం వస్తుంది.

24-28 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష అయిందో లేదో మీరు రాయలేదు. కాకపోతే అదీ ఇప్పుడే చేయించండి.

ఇక మొత్తం 14 కిలోల గురించి. మన డాక్టర్లు కూడా ఎక్కువగా చూసే 2009 నాటి అమెరికా లెక్క ప్రకారం గర్భానికి ముందు బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క) 18.5 నుంచి 25 లోపు ఉన్నవాళ్లు తొమ్మిది నెలల్లో 11.5 నుంచి 16 కిలోలు పెరగొచ్చు, 25 నుంచి 30 లోపు వాళ్లు 7 నుంచి 11.5 కిలోలు. మీ బీఎంఐ 24. ఆ లెక్కలో మీరు మామూలు బరువే, కానీ భారతీయులకి 23 నుంచే అధిక బరువు అంటాం కాబట్టి నన్నడిగితే మీకు 12 కిలోల దగ్గర ఆగితే బాగుండేది. కాస్త ముందుకెళ్లారు, అంతే. ఇప్పుడు తగ్గించుకునే ప్రయత్నం చేయకండి. ఇక్కడి నుంచి మెల్లగా పెరిగేలా చూసుకుంటే చాలు.

అందుకని రాత్రి అన్నం పూర్తిగా మానకండి. ఏడింటికి ఏదో కాస్త తిని, పొద్దున తొమ్మిది దాకా ఖాళీ కడుపుతో ఉంటే మీకు నీరసం, గ్యాస్, కళ్లు తిరగడం తప్ప వచ్చేదేం లేదు. ఇప్పుడు తినే అన్నంలో సగం పెట్టుకుని, ఆ చోటు పప్పుతో, కూరతో, గుడ్డుతో, పెరుగుతో నింపండి. ఇద్దరికి తినాలన్న మాటకి లెక్క చెప్తాను, మీ అత్తగారికీ చెప్పండి: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ గర్భిణికి రోజుకి అదనంగా కావాలంటున్నది 350 కేలరీలే. ఒక గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు పల్లీలు... సుమారుగా అయిపోయింది! సీమంతానికి వచ్చిన స్వీట్లు ఇంకా డబ్బాల్లో ఉంటే, పండ్ల రసాలు, గర్భిణుల కోసమని అమ్మే తీపి పొడులు రోజూ తాగుతుంటే ముందు వాటిని ఆపండి. చాలా ఇళ్లలో అసలు బరువంతా అక్కడి నుంచే వస్తుంది. మీ డాక్టర్ విశ్రాంతి తీసుకోమని చెప్పి ఉండకపోతే, బీపీ సరిగ్గా ఉంటే, రోజుకి అరగంట నడవండి. నడుస్తూ మాట్లాడగలగాలి, ఆయాసం వచ్చేంత వేగం వద్దు.

కాన్పయ్యాక ఏమవుతుందో కూడా లెక్క వేసి చెప్తాను, టెన్షన్ కొంత తగ్గుతుంది. బిడ్డ, మావి, ఉమ్మనీరు, రక్తం కలిపి ఆ రోజే ఐదారు కిలోలు పోతాయి. చెమట, మూత్రం రూపంలో తర్వాతి రెండు వారాల్లో ఇంకో రెండు మూడు కిలోల నీరు పోతుంది. మీరు 75 దగ్గర కాన్పుకి వెళ్లారనుకుంటే, 15 రోజులకి దాదాపు 67 మీద ఉంటారు. మిగిలిన ఎనిమిదీ తొమ్మిదీ కిలోలే మీరు తగ్గించుకోవాల్సింది, దానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టినా తప్పులేదు. నెలన్నర, రెండు నెలల దాకా తిండి తగ్గించే పని పెట్టుకోకండి, పాలు కుదురుకోవాలి. ఆ తర్వాత కూడా వారానికి అరకిలో మించి తగ్గొద్దు. బరువు తగ్గించే పొడులు, మాత్రలు పాలిచ్చే రోజుల్లో అస్సలు వద్దు, పక్కింటావిడకి పనిచేశాయని చెప్పినా సరే.

పథ్యం గురించి సూటిగా చెప్తే, మొదటి పదిరోజులు కారప్పొడి అన్నం, వెల్లుల్లి, చారెడు నీళ్లతో బాలింతని ఎండగట్టి, మూడో వారం నుంచి పాలు పడాలని నెయ్యి, మినప సున్నుండలు, పాయసం పోస్తారు. రెండూ సరికాదు. వెల్లుల్లి కారం ఇష్టమైతే తినండి, తెలగపిండి కూర, మునగాకు పప్పు అయితే నేనే తినమంటాను, వాటిలో ప్రొటీన్, కాల్షియం ఉంటాయి. దాని పేరు చెప్పి కూరగాయలు, పప్పు, నీళ్లు ఆపితే మాత్రం ఊరుకోకండి. అసలే కుట్లు, పైన మలబద్ధకం అంటే ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుసు. పాలు పడేది బిడ్డ తాగేకొద్దీ. నెయ్యి వల్ల బరువే పెరుగుతుంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలన్నది నిజమే, అవి మూడు పూటల భోజనంలో రావాలి, లడ్డూల డబ్బాలోంచి కాదు.

నడుముకి గుడ్డ కట్టుకుంటే కూర్చున్నప్పుడు, లేచేటప్పుడు ఆసరాగా ఉంటుంది, సిజేరియన్ అయినవాళ్లకి మరీ హాయి. కొవ్వు మాత్రం కరగదు. గర్భసంచి మామూలు సైజుకి రావడానికే ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా పొట్ట కనిపిస్తుంది, ఏ గుడ్డా ఏమీ చేయలేదు. ఊపిరాడనంత బిగించి కట్టకండి. రెండు నెలల తర్వాత వెల్లకిలా పడుకుని తల కొంచెం ఎత్తి చూడండి, బొడ్డు దగ్గర మధ్యలో రెండు వేళ్ల కన్నా ఎక్కువ సందు తగిలితే కండరాలు విడిపోయాయని అర్థం, యూట్యూబ్ చూసి సిటప్స్ మొదలుపెట్టకుండా ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి. మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామం మాత్రం కాన్పయిన మర్నాటి నుంచే చేయొచ్చు. సిజేరియన్ అయితే ఆరు వారాలు బిడ్డకన్నా బరువైనదేదీ ఎత్తొద్దు, నెమ్మదిగా నడవడం ఆస్పత్రిలోనే మొదలవుతుంది.

ఈ ఒక్క మాట మీ అత్తగారి చేత చదివించండి: మధ్యాహ్నం రెండు గంటలు బిడ్డని మీరు చూసుకుని కోడల్ని నిద్రపోనివ్వండి. నిద్రలేని బాలింతకి ఆకలెక్కువ, తీపి మీదకి మనసు పోతుంది, నడిచే ఓపిక ఉండదు.

ఆరు వారాల చెకప్ మానకండి. గర్భంలో షుగర్ వచ్చి ఉంటే అప్పుడు మళ్లీ పరీక్ష చేయాలి. తర్వాతి నెలల్లో బరువు కదలకపోగా విపరీతమైన అలసట, జుట్టు రాలడం ఉంటే థైరాయిడ్ చూపించండి. రెండు వారాలు దాటినా ఊరికే ఏడుపొస్తుంటే అదీ దాచుకోకుండా చెప్పండి. గర్భం రాకుండా ఏం వాడాలో కూడా ఆ రోజే మాట్లాడుకోండి. ప్రభుత్వాసుపత్రుల్లో మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ మంచిదే గానీ కొందరికి దానివల్ల బరువు పెరుగుతుంది, మీకు ఈ విషయంలో ఇంత బెంగ ఉంది కాబట్టి కాపర్ టీ గురించి కూడా అడిగి, అప్పుడు ఏదో ఒకటి ఎంచుకోండి.