పైలట్ల రిటైర్మెంట్ వయసు 65 నుంచి 67కి పెంచితే మంచిదేనా?

వద్దు. మా బావగారు ఎయిర్‌లైన్ కెప్టెన్. 65 నిండేదాకా ఎగిరి దిగిపోయారు. ఆయన ఆఖరి ఏళ్ళు దగ్గరుండి చూశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

పెంచాలనేవాళ్ళు ముందుగా ఎత్తే పేరు సల్లెన్‌బర్గర్. 2009లో రెండు ఇంజిన్లూ దెబ్బతిన్న విమానాన్ని హడ్సన్ నదిలో దించి 155 మందినీ కాపాడిన కెప్టెన్. అప్పుడాయనకి 57. 1989లో హైడ్రాలిక్స్ (విమానాన్ని అదుపు చేసే వ్యవస్థ) మొత్తం పోయిన డీసీ-10 విమానాన్ని అమెరికాలోని సూ సిటీ రన్‌వే దాకా తెచ్చిన ఆల్ హేన్స్‌కీ 57 ఏళ్ళే. 60కే ఇంటికి పంపే అమెరికా పాత రూలు ప్రకారం చూసినా ఇద్దరూ సర్వీసులో ఉండేవాళ్ళే. వాళ్ళను చూపించి 67 అడగడమేమిటి?

60 దాటితే ఆరు నెలలకోసారి క్లాస్ 1 మెడికల్, అంటే పైలట్ల ఆరోగ్య పరీక్ష. అది దగ్గరపడుతోందంటే మా అక్క ఆవకాయ జాడీ దాచేసేది. ఇంటిల్లిపాదికీ చప్పిడి కూరలే, ఒకటే టెన్షన్. ఒకసారి బెంగళూరుకి ఆయన వెంట నేనూ వెళ్ళాను. ఈసీజీ, ట్రెడ్‌మిల్, కళ్ళు, చెవులు, అన్నీ చూసి ఫిట్ అన్నారు. సంతోషంగా బయటికొచ్చి టిఫిన్‌కి కూర్చున్నాం. ఇడ్లీ ముక్క సాంబార్లో ముంచిన స్పూన్ చేతిలో ఉండగానే బావగారు కూర్చున్నచోటే నిద్రపోయారు. మెడికల్‌కి ముందు వరసగా నైట్ డ్యూటీలు వేశారు మరి. సాంబార్ చొక్కా మీద పడబోతుంటే భుజం తట్టి లేపాను. "ఇదివరకు ఒక్క నిద్ర తీస్తే తేరుకునేవాణ్ణిరా. ఇప్పుడు రెండు రోజులు పడుతోంది. అది ఏ మిషన్‌లోనూ కనపడదు" అన్నారు.

నా బాధంతా అదే. గుండె జబ్బు మెడికల్‌లో బయటపడుతుంది, చేయి తడబడితే సిమ్యులేటర్ (నమూనా కాక్‌పిట్) చెక్‌లో తెలుస్తుంది. అలసటను పట్టేది మాత్రం రోస్టర్ (ఎవరికి ఎప్పుడు డ్యూటీయో వేసే పట్టిక) ఒక్కటే, అదేమో కంపెనీ చేతిలో ఉంటుంది. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచి, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకి తగ్గించింది. ఆ రూలు 2025 నవంబర్‌లో పూర్తిగా అమల్లోకి వచ్చింది, డిసెంబర్‌లో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది, చివరికి డీజీసీఏ తాత్కాలికంగా సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. దాదాపు రెండేళ్ళ ముందే చెప్పిన రూలుకి సరిపడా మనుషుల్ని తీసుకోనివాళ్ళు, 67 ఇస్తే కొత్తవాళ్ళను తీసుకుంటారా? పైలట్లు దొరకట్లేదంటారు. మా స్నేహితుడి కొడుకు ఇల్లు తాకట్టు పెట్టిన డబ్బుతో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) తెచ్చుకుని, టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడిపే శిక్షణ) కూడా సొంత ఖర్చుతోనే చేసి ఖాళీగా కూర్చున్నాడు. ఉద్యోగంలో ఉన్న కెప్టెన్ మానేద్దామంటే ఏడాది నోటీసు పీరియడ్! ఇంత కట్టుదిట్టం ఏ ఉద్యోగంలో ఉంది?

అమెరికాలో 2023లో దిగువ సభ 67కి ఒప్పుకుంది గానీ 2024లో వచ్చిన విమానయాన చట్టంలో ఆ మాట లేదు. మంచి పనే జరిగింది. అంతర్జాతీయ రూట్లకి ఐకావో (ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ) పరిమితి 65 కాబట్టి, అది దాటిన కెప్టెన్ బోయింగ్ 777 వదిలి డొమెస్టిక్ విమానానికి మళ్ళీ ట్రైనింగ్ తీసుకోవాలి. ఆయన వచ్చి కూర్చున్న సీటులోంచి ఇంకొకరు జరగాలి. ఆ పరిమితినే 67 చేయమని 2025లో ఎయిర్‌లైన్ కంపెనీల సంఘం ఐఏటీఏ అడిగింది, అదీ నెగ్గలేదు.

అనుభవం పోతుందని నిజంగా బెంగ ఉంటే 65 దాటినవాళ్ళను సిమ్యులేటర్ ఇన్‌స్ట్రక్టర్లుగా పెట్టుకోండి. బావగారు ఇప్పుడు చేస్తున్నది అదే. పగటి షిఫ్టు మాత్రమే ఒప్పుకుంటానని ముందే చెప్పి మరీ చేరారు.