పాచికతో పోల్చకు అమ్మలూ

అమ్మలూ,

మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఈ 2026 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి మీ ఆఫీసులో నలభై మంది స్కోర్లు ఊహించే పోటీ పెట్టుకుంటున్నారట. అంతా అయ్యాక వాళ్లలో ఆట తెలిసినవాళ్లెవరో, చీకట్లో రాయి వేసినవాళ్లెవరో లెక్కకట్టి తేలుస్తానని నువ్వు మాటిచ్చావట. విన్నప్పుడు గర్వంగానే అనిపించింది. అందరూ ఎవరు గెలుస్తారా అని చూస్తుంటే, ఆ గెలుపులో అదృష్టం పాలెంత అని అడిగే పిల్ల మన ఇంట్లో ఉంది కదా అని. ఆ రాత్రి మాత్రం నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ప్రతి ఒక్కరి అంచనా మ్యాచ్ మొదలవకముందే నీ చేతికి రావాలి, వచ్చిన టైమ్ పక్కనే రాసుకోవాలి. ఆలస్యంగా పంపినవాళ్లని ఎంత బతిమాలినా చేర్చుకోకు. మధ్యలో మానేసినవాళ్ల షీట్లు చెరిపెయ్యకు, ఎన్ని మ్యాచ్‌లకు ఊహించారో రాసి ఉంచు. ఇద్దరు ఒకరిని చూసి ఒకరు వేశారని తెలిస్తే వాళ్లని ఇద్దరుగా లెక్కపెట్టకు.

స్కోరంటే ఏ స్కోరో ముందే కాగితం మీద పెట్టు. 2022 ఫైనల్ గుర్తుందిగా? తొంభై నిమిషాలకు 2-2, ఎక్స్‌ట్రా టైమ్ అయ్యాక 3-3, పెనాల్టీల్లో అర్జెంటీనా 4-2. ఒకడు 2-2 వేశాడు, ఇంకొకడు 3-3 వేశాడు, ఎవరిది రైటు? ఈ ప్రశ్న ఫైనల్ రాత్రి వస్తే నలభై మంది నీ మీద పడతారు. తొంభై నిమిషాలు, మధ్యలో ఆట ఆగినందుకు చివర్లో ఇచ్చే ఇంజురీ టైమ్‌తో కలిపి, అని రాసి పారెయ్యి. ఇంకొకటి: ఈసారి 104 మ్యాచ్‌లు. అందులో 72 గ్రూపు మ్యాచ్‌లు, వాటికి ముందే స్కోర్లు రాయించుకోవచ్చు. నాకౌట్లో ఎవరితో ఎవరు ఆడతారో అప్పటికి తెలియదు కాబట్టి ఆ 32 విడిగా రాయించుకోవాలి, విడిగానే లెక్క చూడాలి. అప్పటికి జనం జట్లని రెండు వారాలు చూసి ఉంటారు.

ఇక అసలు సంగతి. నువ్వు దేనితో పోలుస్తావన్నదే నా టెన్షన్. "రాండమ్‌తో పోలుస్తా" అన్నావని మీ నాన్న చెప్పాడు. ఏ రాండమ్ అమ్మలూ?

1998లో మీ మావయ్య ఆఫీసులో సరిగ్గా ఇలాంటి పోటీయే పెట్టారు. 64 మ్యాచ్‌లు, ముప్పై మంది. మావయ్యకి లెక్కలంటే సరదా, నన్ను ఒక్క మాట అడగడానికి మాత్రం పౌరుషం. గెలిచినాయన తొమ్మిది మ్యాచ్‌లకి స్కోరు అచ్చంగా చెప్పాడు. అది అదృష్టమా కాదా అని ఎవరో అడిగితే మావయ్య రెండు పాచికలు తీసుకున్నాడు, జట్టుకొకటి. ఆరు పడితే సున్నా అనుకున్నాడు. అంటే ఒక్కో జట్టుకి 0 నుంచి 5 దాకా ఏదైనా సమానంగా పడుతుంది. మొత్తం 36 స్కోర్లు, అందులో ఒకటి రైటు. 64 మ్యాచ్‌లకి రెండు కూడా తగలవు. మరి ఈయనకి తొమ్మిది! గుడ్డి అదృష్టంతో అలా జరిగే అవకాశం పదివేలల్లో ఒకటికి లోపేనని కట్టి, చక్కగా టైపు చేయించి, నోటీసు బోర్డుకి అంటించాడు.

గుణకారంలో తప్పేమీ లేదు. తప్పు పాచికలో ఉంది. రెండు పాచికలు వేస్తే మ్యాచ్‌కి సగటున అయిదు గోల్స్ పడతాయి. 1998లో 64 మ్యాచ్‌లకి పడ్డవి 171, అంటే మ్యాచ్‌కి మూడు కూడా లేవు. పాచికల దృష్టిలో 4-5కీ 1-0కీ తేడా లేదు. మొత్తం మూడు గోల్స్, అంతకంటే తక్కువ పడే స్కోర్లు పాచికల్లో నూటికి 28 వంతులే వస్తాయి. ఫుట్‌బాల్లో సుమారు 72 వంతులు వస్తాయి. ఆ ఏడాది స్పెయిన్ బల్గేరియా మీద 6-1 కొట్టింది, అది అసలు ఆ పాచికకు అందనే అందదు. అలాంటి తెలివితక్కువ పాచికని ఓడించడానికి ఆట తెలియక్కర్లేదు. ఫుట్‌బాల్లో గోల్స్ తక్కువ పడతాయన్న ఒక్క ముక్క తెలిస్తే చాలు. అది మా అమ్మకీ తెలుసు.

ఇప్పుడు లెక్క మళ్లీ చూడు. బలమైన జట్టుకి 1-0 అనో 2-1 అనో బద్ధకంగా వేసుకుంటూ పోయినవాడికి నూటికి ఎనిమిది తగులుతాయనుకుందాం. 64 మ్యాచ్‌లకి అయిదు. అలాంటివాడికి తొమ్మిదీ ఆపైన తగిలే అవకాశం సుమారు పదిహేనుకి ఒకటి. గదిలో ఉన్నది ముప్పై మంది. ఎవరో ఒకరికి తగలకపోతేనే ఆశ్చర్యం! నేను ఇదంతా రాసి చూపిస్తే మావయ్య బోర్డు మీది కాగితం తీసేశాడు. కానీ ఆ గెలిచినాయన అప్పటికే దాని కాపీ ఒకటి తీసుకుని, మడిచి పర్సులో పెట్టుకున్నాడు.

ఆ మడతల కాగితం నేను కళ్లారా చూశాను. రెండేళ్ల తర్వాత వాళ్లావిడ మా ఇంటికి వచ్చి టేబుల్ మీద పెట్టింది. మడతల దగ్గర చిరిగిపోయి, వెనక టేపు అంటించి ఉంది. పదివేలల్లో ఒకడినని ఆఫీసే రాసిచ్చిందని చెప్పుకుంటూ ఆయన పందేలకి దిగాడు. 2000లో యూరప్ జట్ల యూరో కప్ ఫైనల్ మీద ఇటలీ 1-0 అని అప్పు తెచ్చి మరీ పెట్టాడట. తొంభయ్యో నిమిషం దాటేదాకా స్కోరు 1-0యే. ఇంజురీ టైమ్‌లో ఫ్రాన్స్ ఆటగాడు విల్టోర్ సమం చేశాడు, ఎక్స్‌ట్రా టైమ్‌లో ట్రెజెగే గోల్డెన్ గోల్ కొట్టాడు, అది పడగానే ఆట అయిపోయినట్టే. ఫ్రాన్స్ 2-1. "ఒక్క నిమిషంలో పోయింది, నా లెక్క తప్పు కాదు" అని ఆయన చాలా కాలం అంటూనే ఉన్నాడు. ఆవిడ మమ్మల్ని తిట్టలేదు. "ఇది నిజమేనా అండీ?" అని అడిగిందంతే. మావయ్య లేచి లోపలికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు చేతిలో ఫోనుంటే చాలు పందెం కాయడానికి. ఆయనకి కనీసం మనిషిని వెతుక్కోవాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నాను, ఏ మనిషి పేరు పక్కనా "వీడికి ఆట తెలుసు" అని నీ చేత్తో రాయకు. తిట్టానని అనుకోకు. నీ లెక్క మీద నాకు అనుమానం లేదు, ఆ లెక్కని పర్సులో పెట్టుకునేవాళ్ల మీదే భయం.

మరి దేనితో పోల్చాలి అంటావా? ఒకటి కాదు, మెట్లు మెట్లుగా పెట్టుకో. పాచికని కింది మెట్టుగా ఉంచు, నవ్వుకోవడానికి పనికొస్తుంది. దాని పైన, నిజంగా గోల్స్ పడే తీరుకి తగ్గట్టు గుడ్డిగా వేసేది. జట్టుకి సగటున 1.3 గోల్స్ అనుకుని పాయిసాన్ లెక్క (సగటుని బట్టి సున్నా, ఒకటి, రెండు ఎన్నిసార్లు వస్తాయో చెప్పే సూత్రం) వేస్తే 1-1 నూటికి పన్నెండుసార్లకు పైగా వస్తుంది, 1-0 పదిసార్లకు కాస్త తక్కువ, 0-0 ఏడు. ఆ తీరులోనే గుడ్డిగా స్కోర్లు వేసినా నూటికి ఏడు తగులుతాయి. పాచికలకు మూడే. చూశావా, "గుడ్డి" అన్న పేరుతోనే ఇంత తేడా! అయితే ఇది సమానమైన జట్ల లెక్క. ప్రపంచకప్‌లో జట్లు సమానం కావు. 1-1 అని కళ్లు మూసుకుని వేసుకుంటూ పోయినవాడికి 2018 గ్రూపు మ్యాచ్‌లు 48లో నాలుగు, 2022లో మూడు తగిలేవి. జట్ల బలాబలాలు కూడా కలపాలనుకుంటే 1982లో మహర్ అనే పరిశోధకుడు చూపించిన పద్ధతి ఉంది, ప్రతి జట్టుకీ దాడి ఎంత, రక్షణ ఎంత అని విడివిడిగా కట్టేది. 1997లో డిక్సన్, కోల్స్ దాన్ని 0-0, 1-1 లాంటి చిన్న స్కోర్ల దగ్గర సరిచేశారు. నీకు ఓపికుంటే చూడు, లేకపోతే నష్టమేమీ లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చీట్లు కలపడం. ఒకరి షీటు తీసుకో. ఆ మనిషి వేసిన స్కోర్లన్నీ అలాగే ఉంచి, ఏ స్కోరు ఏ మ్యాచ్‌కి అన్నది మాత్రం కలిపెయ్యి. అర్జెంటీనా మ్యాచ్‌కి వేసిన 3-0 వెళ్లి ఇంకెక్కడో పడుతుంది. ఎన్ని తగిలాయో లెక్కపెట్టు. కంప్యూటర్‌తో ఇలా పదివేలసార్లు చేయించు. కలిపిన వాటిలో ఆరు వందలసార్లు ఆ మనిషి అసలు లెక్కకి సమానంగానో ఎక్కువగానో వస్తే, అదృష్టంతో అలా జరిగే అవకాశం నూటికి ఆరన్నమాట. ఇందులో అందమేమిటంటే, ఆ మనిషిని ఆ మనిషి అలవాట్లతోనే పోలుస్తున్నావు. 2-1 తప్ప వేరే వెయ్యనివాడికి ఎంత కలిపినా అదే వస్తుంది. అంటే వాడు మ్యాచ్‌ని చూసి వేయలేదని దానంతటదే తేలిపోతుంది.

ఒక్క జాగ్రత్త. కలిపేముందు ప్రతి మ్యాచ్‌లోనూ బలమైన జట్టుని ముందు రాయి, టోర్నమెంటుకి ముందరి ఫిఫా ర్యాంకు చూసి. అలా రాయకుండా కలిపితే, ఏది పెద్ద జట్టో తెలిసినవాడు కూడా మేధావిలా కనిపిస్తాడు. రాసి కలిపితే, ఈ మ్యాచ్ గురించి ప్రత్యేకంగా ఏమైనా తెలుసా అన్నది బయటపడుతుంది. రెండు రకాలుగానూ చేసి పక్కపక్కన పెట్టు. నా అనుమానం, మొదటి దాంట్లో చాలామంది బాగా వస్తారు, రెండో దాంట్లో దాదాపు అందరూ కలిసిపోతారు.

గెలుపు, ఓటమి, డ్రా అని మాత్రమే చూసేటప్పుడు "మూడింట ఒకటి" అనే లెక్క వాడకు. 2018 గ్రూపుల్లో 48 మ్యాచ్‌లకి డ్రాలు తొమ్మిది, 2022లో పది. డ్రా అన్న మాటే ఎత్తకుండా పెద్ద జట్టుని వేసుకుంటూ పోయేవాడు మూడింట ఒకటిని నిద్రలో దాటేస్తాడు.

2022లో సౌదీ అరేబియా అర్జెంటీనాని 2-1తో ఓడించింది కదా, అలాంటిది ఒకటి ఈసారి ఎవరికైనా తగులుతుంది. ఆఫీసంతా ఆ మనిషిని నెత్తిన పెట్టుకుంటుంది. నువ్వు మాత్రం ఆ మనిషి వేసిన మిగతా వింతలు చూడు, ఎన్ని బోల్తా కొట్టాయో. 2010 ప్రపంచకప్‌లో జర్మనీలోని పాల్ అనే ఆక్టోపస్ గెలిచే జట్టుని ఎనిమిది మ్యాచ్‌లకి ఎనిమిదీ సరిగ్గా చెప్పింది. బొమ్మాబొరుసుగా చూస్తే 256లో ఒకటి. 2008 యూరోలో అదే పాల్ ఆరింట రెండు తప్పింది, అది ఎవరికీ గుర్తులేదు. ఏమీ చెప్పలేకపోయిన జంతువుల పేర్లు ఎవరికీ తెలియనే తెలియవు.

ఒక్క టోర్నమెంటుతో ఏదో తేలుతుందని కూడా ఆశపడకు. 2018లో 64 మ్యాచ్‌లకి 0-0 ఒకే ఒక్కటి, డెన్మార్క్-ఫ్రాన్స్‌ది. 2022లో, తొంభై నిమిషాలకి చూస్తే, ఎనిమిది. ఎప్పుడూ 0-0 వేసే మొండివాడు ఒకసారి వెర్రివాడు, ఇంకోసారి పండితుడు, మనిషి మాత్రం వాడే. మీ నలభై మందిలో ఎవరికీ ఏ ప్రత్యేక జ్ఞానమూ లేదనుకో, అందరికీ నూటికి ఎనిమిదే. అయినా 104 మ్యాచ్‌లయ్యేసరికి అడుగున ఉన్నవాడికి మూడు, పైన ఉన్నవాడికి పద్నాలుగు దాకా వస్తాయి. నిజంగా కాస్త ఎక్కువ తెలిసి నూటికి పదకొండు కొట్టగల మనిషిని వీళ్లలోంచి వేరుచేయాలంటే మూడు నాలుగు ప్రపంచకప్‌లు కూడా చాలవు. అప్పటికి మీలో సగం మంది ఆ ఆఫీసులోనే ఉండరు.

అందుకని నా మాట విను. పేర్లు లేకుండా గ్రాఫు ఒక్కటి గియ్యి, ఎన్ని తగిలినవాళ్లు ఎంతమంది ఉన్నారో చూపించేది. పక్కనే చీట్లు కలిపితే వచ్చిన గ్రాఫు పెట్టు. రెండూ ఒకేలా ఉంటే ఒకేలా ఉన్నాయని రాయి. గెలిచినవాళ్లకి బహుమతి ఇవ్వండి, చప్పట్లు కొట్టండి, ఆ సంతోషాన్ని నువ్వు లెక్కలతో పాడుచెయ్యక్కర్లేదు. ఎవరైనా విడిగా వచ్చి "నా సంగతేంటి, నేను మామూలోణ్ణేనా?" అని అడిగితే, ఒక్క టోర్నమెంటుకి చెప్పలేనని చెప్పు. నిజం కూడా అదే. ఆ మనిషి ఫోన్లో పందేల యాప్ ఉందని తెలిస్తే మాత్రం మొహమాటపడకుండా పూర్తి లెక్క చూపించు.

పోలిక ఎలా చేస్తావో, ఏ స్కోరు లెక్కలోకి వస్తుందో అన్నీ ఒక పేజీలో రాసి జూన్ 11న మొదటి మ్యాచ్‌కి ముందే అందరికీ పంపు. ఫలితాలు చూశాక కొలబద్ద మార్చాలని నీకే బుద్ధి పుడుతుంది, అప్పుడా పేజీ నిన్ను ఆపుతుంది. పంపేముందు నాకు ఒకసారి చూపించు. ఆఖరి రోజు రాత్రి పన్నెండింటికి పంపి "అత్తా, అర్జెంట్" అనకు, నీ అలవాటు నాకు తెలుసు. ఎక్సెల్ ఫైల్ అయినా పర్వాలేదు, కొత్త కళ్లజోడు వచ్చింది.

మీ అత్త