రెండు పలకల్లో అసలు బంగారం దేనిది?

ఒకటి ముదురు నీలం, ఒకటి తెలుపు రంగులో ఉన్న పాత ఇరాన్ గోడ పలకల (టైల్స్) ఫొటోలు పెట్టి, దేని మీద అసలు బంగారం ఉందని మీరు అడిగారు. నక్షత్రాకారపు ఆ రెండు పలకలూ పసిడిలా మెరుస్తున్నా, నిజమైన బంగారం ఉన్నది ముదురు నీలి పలక మీదనే అని నా అభిప్రాయం. లాజ్‌వర్దీనా అనే ఆ పద్ధతిలో, కాల్చిన నీలి గాజుపూత మీద చిన్నగా కత్తిరించిన బంగారు రేకు ముక్కలను అతికించి, ఎరుపు, తెలుపు రంగులతో గీతలు దిద్ది మళ్లీ కాల్చేవారు. 1270లలో ఇరాన్‌ను ఏలిన మంగోలు రాజు అబాఖా ఖాన్, ఆ దేశపు వాయవ్యంలోని తఖ్త్-ఎ-సులేమాన్‌లో కట్టించిన భవనంలో ఇలాంటివే బయటపడ్డాయి. తెల్లటి పలక ఇరాన్‌లోని కాషాన్ నగరపు కుమ్మరుల లస్టర్ (లోహపు మెరుపు) పనిలా ఉంది. లస్టర్‌లో బంగారం రవ్వంత కూడా ఉండదు. వెండి, రాగి సమ్మేళనాలతో బొమ్మ గీసి, పొగ కమ్మిన ఆవంలో రెండోసారి కాలిస్తే, లోహం పూతలోనే పలుచని పొరగా నిలిచిపోతుంది. ఈసారి పక్క నుంచి చూడండి: లస్టర్ అయితే గోధుమరంగు గీత ఒక్కసారిగా తళుక్కుమంటుంది, రేకు అయితే అంచుల దగ్గర ఊడిన చోట్లు కనిపిస్తాయి.