మూసీ నీళ్ల పొలంలో గోగునార వేస్తే నేల బాగుపడుతుందా?

మూసీ కాలువ కింద మూడెకరాలు ఉంది, వరి మానేసి నార పంట వేస్తే నేలలో విషం తగ్గుతుందా, నాలుగు డబ్బులు వస్తాయా అని అడిగారు. మాదీ వలిగొండ వైపు మూసీ కింది పొలమే. ఎకరంన్నరలో రెండేళ్లు గోగు, ఒక కారు జనుము పండించాను, రెండూ నార పంటలే.

ఒకటి రెండు పంటలతో నేల బాగుపడదు. మురుగుతో వచ్చే సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి లోహాలు మట్టిలో కుళ్లి పోయేవి కావు. మొక్క పీల్చుకున్నా ఎక్కువ భాగం వేరులోనే ఆగుతుంది, కాండానికి ఎక్కేది కొంచెమే. అందుకే కోయడం కాదు, వేరుతో సహా పీకాలి. జనుమును పచ్చిరొట్టగా కలియదున్నితే తీసుకున్నదంతా మళ్లీ నేలకే చేరుతుంది. పైగా కాలువలో మురుగు పారినంత కాలం కొత్తది వచ్చి పడుతూనే ఉంటుంది.

అయినా నేను నార వైపే మొగ్గాను. నారను ఎవరూ తినరు కదా అనుకున్నాను. మొదటి ఏడాది గోగు నడుం ఎత్తు పెరిగాక ఒక పొద్దున పొలానికి వెళితే, మా వాడ పెద్దమ్మ ఒకామె లేత చిగుళ్లు తుంచి కొంగు నింపుకుంటోంది. పుంటికూరలాగే పుల్లగా ఉంటుంది, ఎవరు వద్దంటారు? ఇది తినకూడదు పెద్దమ్మా, నీళ్లు మంచివి కావు అన్నాను. ఆమె కొంగు విప్పి ఆకంతా గట్టు మీద దులిపేసి, "మరి ఈ నీళ్ల వడ్లు ఇన్నేళ్లుగా తింటున్నాం కదా బిడ్డా" అంది. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. మీరు గోగు వేస్తే ఇరుగుపొరుగుకు ముందే చెప్పండి, మేకలను రానివ్వకండి.

నార తీయడం ఇంకో ఎత్తు. కట్టలను రెండు వారాలు నీళ్లలో ఊరబెడితే మొదలు దగ్గర బెరడు పట్టుకోగానే జారి చేతిలోకి వస్తుంది. తెల్లటి పోగు, చేతికి మాత్రం రెండు రోజులు వదలని వాసన. మొదటిసారి ఊరి కుంట అంచున ఊరవేసి పెద్ద తప్పు చేశాను. నీరు నల్లబడి చేపలు చచ్చి తేలాయి. తరువాత పొలంలోనే గుంత తీసి టార్పాలిన్ పరిచాను.

డబ్బు విషయానికి వస్తే, నార మిల్లులున్నది శ్రీకాకుళం, విజయనగరం వైపు. అంత దూరం లారీ కిరాయి గిట్టదు. నేను తాళ్లు పేనేవాళ్లకు అమ్మాను, వరి అంత మిగలలేదు. కొనే మనిషి దొరికాకే విత్తనం చల్లండి. ఎవరైనా హెంప్ వేయమంటే వినకండి, అది గంజాయి జాతి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతి లేని సాగు నేరం.

మట్టి పరీక్షకు ఇచ్చేటప్పుడు సీసం, కాడ్మియం చూడమని విడిగా అడగండి. మామూలు పరీక్షలో అవి ఉండవు. జనుము నిలవ నీటికి తట్టుకోదు, వరి మడిలో వేస్తే ముందు కాలువలు తీయాలి. ముందు అరెకరంలో వేసి చూడండి.