చీటీ పంపను, ఉత్తరం రాస్తున్నాను

చిరంజీవి చిన్నాకు,

పెద్దమ్మ ఆశీస్సులు. రెండు నెలల్లో 15 కిలోలు తగ్గాలనీ, ఏమేం మానేయాలో ఒక చీటీ రాసి పంపమనీ అడిగావు. చీటీ పంపను. ఆసుపత్రిలో ఆహార సలహాలిచ్చే ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, మానేయాల్సిన వాటి జాబితా గోడకు అంటించుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ నా గదికే రావడం చూశాను. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త బరువుతో వచ్చేవాళ్లు.

నీకు లెక్కలంటే ఇష్టం కనుక ముందు లెక్క చూద్దాం. ఒంట్లో ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. 15 కిలోలంటే లక్ష దాటిపోయింది. అరవై రోజుల్లో అది కరగాలంటే రోజూ 1,900 కేలరీలకు పైగా లోటు పడాలి. కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషికి రోజంతా అయ్యే ఖర్చే దాదాపు అంత. అంటే రెండు నెలలు నువ్వు తిండి మీద ఆశే వదులుకోవాలి. అదే రోజుకు 500 తగ్గించుకుంటే మొదట్లో వారానికి అర కిలో దాకా దిగుతావు. ఒంటికి అది పట్టేదీ, నీకు చేతనయ్యేదీ.

మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గానన్న నీ స్నేహితుడు అబద్ధం చెప్పలేదు. కాకపోతే తగ్గినదాంట్లో ఎక్కువ భాగం నీళ్లు. కాలేయంలోనూ కండల్లోనూ గ్లైకోజెన్ అని కొన్ని వందల గ్రాముల పిండి పదార్థం నిలవ ఉంటుంది. ఒక్కో గ్రామూ మూడేసి గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి ఒక్కసారిగా కోసేస్తే ముందు ఖర్చయ్యేది అదే, దాంతోపాటు నీళ్లూ పోతాయి. మళ్లీ మామూలుగా తినగానే రెండు మూడు రోజుల్లో తిరిగొచ్చేస్తాయి. అప్పుడు నీ స్నేహితుడు 'నా ఒంటి తత్వమే ఇంత' అని దిగులుపడతాడు. పాపం, అతని తత్వంలో లోపమేమీ లేదు.

మరీ వేగంగా తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, పిత్తాశయంలో రాళ్లు పడే ప్రమాదం పెరుగుతుంది. అన్నిటికన్నా, మనసంతా తిండి చుట్టూ తిరగడం మొదలవుతుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరు నెలలపాటు రోజుకు సుమారు 1,600 కేలరీలతో సరిపెట్టాడు. వాళ్లు బరువులో నాలుగో వంతు కోల్పోయారు. దానికన్నా నాకు గుర్తుండిపోయింది వాళ్ల తీరు. వంటల పుస్తకాలు పోగేసుకున్నారు, ప్లేటు నాకారు, ఒకరినొకరు చిరచిరలాడారు. ప్రయోగం అయిపోయాక ఎంత తిన్నా తనివి తీరనివాళ్లూ ఉన్నారు. నువ్వు వేద్దామనుకుంటున్న ప్రణాళికలో కేలరీలు అంతకన్నా తక్కువ. నీకు మనోబలం లేదని నేననను. ఆకలికి దాని బలం దానికుంది, అంతే.

అలాగని నెమ్మదిగా తగ్గితే చాలు, బరువు ఇక తిరిగిరాదు అని కూడా అనుకోకు. 2014లో ఆస్ట్రేలియాలో ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. కొందరిని 12 వారాల్లో, కొందరిని 36 వారాల్లో తగ్గించారు. మూడేళ్లకు చూస్తే రెండు గుంపులవాళ్లకూ పోయిన బరువులో 70 శాతం వరకు తిరిగొచ్చింది. అంటే వట్టి నెమ్మదితనంలో మహిమ ఏమీ లేదు. ఎలా తిని తగ్గావో తగ్గాక కూడా అలాగే తింటూ ఉండగలిగితేనే లాభం. ఆ తిండి నీకు అలవాటు కావడానికి వ్యవధి కావాలి, అందుకే నెమ్మది. ఏ మార్పు చేసేముందైనా 'ఐదేళ్ల తర్వాత కూడా నేను ఇలాగే తినగలనా?' అని అడుగు. లోపల్నుంచి 'అబ్బే' అని వినిపిస్తే దాన్ని మొదలుపెట్టనే వద్దు.

పిండి పదార్థాలు మానాలా, కొవ్వు మానాలా అని అడిగావు. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 609 మందిని రెండుగా విడదీసి ఏడాదిపాటు చూశారు. కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి పదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు గుంపుల్లోనూ బాగా తగ్గినవాళ్లున్నారు, పెరిగినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఆ తగాదా వదిలెయ్. నీకు నచ్చి, నువ్వు విసుక్కోకుండా తినగలిగేదే నీకు మంచి పద్ధతి.

ఇక చేయాల్సింది. మొదటి నెలంతా ఒక్కటే పని, తాగేవాటి మీద దృష్టి పెట్టు. 330 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్ డబ్బాలో సుమారు 35 గ్రాముల పంచదార ఉంటుంది, అంటే 140 కేలరీలు. అంత పంచదార తాగినా కడుపు నిండినట్టు అనిపించదు, తర్వాత భోజనంలో ఒక ముద్దయినా తగ్గదు. రోజు మొత్తానికి విడిగా కలిపే పంచదార 25 గ్రాముల లోపుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ డబ్బా ఒక్కటే దాన్ని దాటేసింది చూడు. కాఫీ, టీల్లో పంచదార ఒక్కరోజులో మానకు. రెండు చెంచాలు వేసుకుంటుంటే ఒకటిన్నర చెయ్, పది పదిహేను రోజులాగి ఒకటి చెయ్. నాలుక కూడా నేర్చుకుంటుంది, దానికీ టైమివ్వాలి. పళ్లరసం బదులు పండే తిను. రసంలో పీచు పోతుంది, పైగా నాలుగు పళ్లు ఒక్క గుక్కలో దిగిపోతాయి.

రెండో పని నూనె. గ్రాము పిండి పదార్థంలో 4 కేలరీలుంటే గ్రాము కొవ్వులో 9. ఒక పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు. నూనె చెడ్డదని కాదు, కంటికి ఆనదని చెబుతున్నాను. సీసా వంచి మూకుట్లో పోసేవాళ్లకు ఎంత పోశారో తెలియనే తెలియదు. చెంచాతో కొలిచి వెయ్యమను. వంట చేసేది నువ్వు కాకపోతే చేసేవాళ్లను కూర్చోబెట్టి నెమ్మదిగా అడుగు, వంకలు పెట్టకు. ఇంట్లో వండేవాళ్లు నీ పక్షాన లేకపోతే నా సలహాలు ఎన్ని ఉన్నా ఒకటే.

తర్వాత నీ కంచం సంగతి. సగం కూరగాయలతో, పావు భాగం మాంసకృత్తులతో నింపు. మిగిలిన పావు ధాన్యానికి. మాంసకృత్తులంటే పప్పుదినుసులు, గుడ్లు, చేపలు, పెరుగు, మాంసం, నీకేది సరిపడితే అది. వాటితో ఆకలి ఆలస్యంగా వేస్తుంది, బరువు తగ్గేటప్పుడు కండ నిలుస్తుంది. వాటిలోని శక్తిలో అయిదో వంతుకు పైగా అరగడానికే ఖర్చయిపోతుంది. కూరగాయల్లో నీళ్లూ పీచూ ఎక్కువ, కేలరీలు తక్కువ, అందుకే కడుపు నిండుగా తినే తగ్గొచ్చు. ఆకలితో మాడి తగ్గడం నాకు ఎప్పుడూ నచ్చని పని. ధాన్యం మానెయ్యమని చెప్పడం లేదు, కంచంలో దాని చోటు మారింది, అంతే. వీలైతే పొట్టు తీయని ధాన్యం తిను.

ప్యాకెట్లలో వచ్చే తిళ్ల గురించి ఒక మాట. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు తాజాగా వండినది పెట్టింది. వడ్డించిన దాంట్లో పంచదార, కొవ్వు, పీచు, ఉప్పు రెండింట్లోనూ సమానంగా ఉండేలా చూశారు. కావలసినంత తినమన్నారు. ప్యాకెట్ రకం తిన్న రోజుల్లో వాళ్లు రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, వాళ్లకు తెలియకుండానే. నీ తిండిపోతుతనమని నువ్వు తిట్టుకునేదాంట్లో సగం ఆ ప్యాకెట్ల పనే. అవి ఇంట్లో ఉంటే తింటావు. నేనైనా తింటాను. కొనకుండా ఉండటమే ఉపాయం. ఆకలి రుచెరగదంటారు కదా, అది ధరా ఎరగదు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు సరుకులకు వెళ్లకు.

నిద్ర తిండిలోకి రాదనుకోకు. 2010లో పదిమందికి ఒకే రకంగా కేలరీలు తగ్గించి, కొన్నాళ్లు ఎనిమిదిన్నర గంటలు, కొన్నాళ్లు అయిదున్నర గంటలు పడుకోనిచ్చారు. బరువు రెండు విడతల్లోనూ ఒకేలా తగ్గింది. కానీ నిద్ర చాలనప్పుడు కరిగిన కొవ్వు, నిద్ర చాలినప్పుడు కరిగినదాంట్లో సగానికన్నా తక్కువ. మిగతా బరువు కండలాంటి, కొవ్వు కాని భాగంలోంచి పోయింది. నువ్వు రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూస్తావని మీ అమ్మ చెప్పింది.

నడక, వ్యాయామం మంచివే. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడువు, రెండుసార్లు కండరాలకు పనిచెప్పు. గంట నడిచాను కదా అని అదనంగా తింటే నడక ఫలం తిండికి సరిపోతుంది.

బరువు వారానికి ఒకటి రెండుసార్లు చూసుకో, పొద్దున్నే, పరగడుపున. ముందురోజు ఉప్పెక్కువ తిన్నా ముల్లు కిలో పైకి పోతుంది. దానికి కంగారుపడకు. నాలుగు వారాల తీరు చూడు, టేపుతో నడుము కొలుచుకో. కొన్నాళ్లకు ముల్లు కదలకుండా నిలబడిపోయే రోజులొస్తాయి. చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు, కాబట్టి కారణం ముందే తెలుసుకో. తగ్గిన ఒక్కో కిలోకూ ఒంటి ఖర్చు రోజుకు 20, 30 కేలరీలు పడిపోతుంది, ఆకలేమో సుమారు 100 కేలరీల మేర పెరుగుతుంది. ఒళ్లు తన పాత బరువు కోసం బేరమాడుతోందన్నమాట. అప్పుడు ఇంకా కోసుకోకు. ఉన్నచోటే ఒకటి రెండు నెలలు ఆగు. పెరగకుండా ఉండటం కూడా చేతనవ్వాలి, దాన్ని అక్కడే సాధన చెయ్యి.

నువ్వు 90 కిలోలున్నావు. ఏడాదిలో ఆరేడు కిలోలు తగ్గినా నాకు సంతోషం. 2002లో ఫలితాలొచ్చిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో, షుగర్ వచ్చే సూచనలున్నవాళ్లకు పెట్టిన లక్ష్యం 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. అంతమాత్రానికే మూడేళ్లలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. అద్దంలో ఏం కనిపిస్తుందన్నది వేరే సంగతి. నాకు నీ రక్తపరీక్ష కాగితాలే ముఖ్యం.

బీపీ మాత్ర వేసుకుంటున్నావు కదా. బరువు దిగేకొద్దీ బీపీ కూడా దిగుతుంది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నట్టుంటే డాక్టరుకు చెప్పు, మాత్ర నీ అంతట నువ్వు ఆపకు. మీ అమ్మ కూడా నీతో కలిసి తిండి తగ్గిస్తానంటోందట. ఆమె వేసుకునేవి షుగర్ మాత్రలు, వాటిలో కొన్ని తిండి తగ్గితే చక్కెరను ప్రమాదకరంగా పడగొడతాయి. డాక్టరుకు మాత్రల పేర్లు చూపించి, మోతాదు అడిగి తెలుసుకునేదాకా ఆమెను మొదలుపెట్టనివ్వకు. ఈ వారమే తీసుకెళ్లు, ఆయన ఏమన్నారో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ