కలివి కంచెకు కత్తెర వద్దు

ప్రశ్న: మాది కడప దగ్గర పల్లె. పది సెంట్ల ఎర్రగరప స్థలం చుట్టూ కలివి ముళ్లపొదల కంచె వేద్దామని కొండ వారనుంచి రెండేళ్లుగా మొక్కలు పీకి తెస్తున్నాను. ఒక్కటీ బతకలేదు. కలివి వేస్తే కలివికోడి అనే అరుదైన పక్షి వస్తుందని మా అబ్బాయి ఆశ, పాములొస్తాయని మా అత్తగారి భయం. ఏం చేయమంటారు మాస్టారూ?

జవాబు: ముందు ఆ గునపం పక్కన పెట్టండమ్మా. కలివి పైకి మోకాలెత్తే ఉన్నా తల్లివేరు రాళ్ల సందుల్లోకి దిగిపోయి ఉంటుంది. పీకితే తెగుతుంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నేనూ ఇలాగే ఐదు మొక్కల ఉసురు పోసుకున్నాను.

మొక్కలు కాదు, పండ్లు తెచ్చుకోండి. గంపలో అమ్మకానికి వచ్చినప్పుడు బాగా నల్లబడినవి ఏరుకుని, తినగా మిగిలిన గింజలను జిగురు పోయేదాకా కడిగి, నీడన ఒక పూట ఆరబెట్టి, ఆ వారంలోనే పొడవాటి సంచుల్లో విత్తండి. దాచిన గింజ సరిగా మొలవదు. ఏడాది మొక్కను తొలకరికి రెండడుగుల ఎడంతో నాటండి. మొదటి వేసవి నీళ్లు పోస్తే చాలు, ఆ తర్వాత అది మిమ్మల్ని అడగదు. నీరు నిలిచే చోట మాత్రం వేయవద్దు.

కత్తెర మాటెత్తితే నాకు కోపం వస్తుంది. పూలు కొమ్మల చివర్లలో పూస్తాయి. గోడలా చదును చేసేవారికి ఆకులే మిగులుతాయి. ఆ తెల్లని పూల వాసనకు చీకటి పడ్డాక చిమ్మటలు, పండ్లకు పిగిలిపిట్టలు, గోరింకలు వస్తాయి. ముళ్లలోకి పిల్లి దూరలేదు కనుక మా పొదలో పిగిలిపిట్ట గూడు కూడా కట్టింది. పై కొమ్మల పండ్లు వాటికి, చేతికందేవి మాకు. గన్నేరు మీద కనిపించే కొమ్ముతోక గొంగళిపురుగు దీని ఆకులూ తింటుంది. మందు కొట్టకండి, ఆకు మళ్లీ వస్తుంది.

అబ్బాయికి నిజమే చెప్పండి. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మన జిల్లాలోనే మళ్లీ కనిపించింది. దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పాటైంది. పొదల మధ్య ఖాళీ నేల మీద రాత్రిపూట పరుగులు తీసే పక్షి అది. కంచె వరుస చూసి ఊళ్లోకి రాదు.

ఇక అత్తగారి భయం. పాము వచ్చేది ఎలుక కోసం. పొద మొదట్లో చెత్త, కట్టెలు పేర్చకుండా జానెడు మేర శుభ్రంగా ఉంచండి. ఊడ్చేటప్పుడు చెప్పులు మరవకండి, రాలిన ముల్లు ఎండినా గుచ్చుకుంటుంది.