ఫిజిక్స్ ప్రొఫెసర్ జీవితం ఎలా ఉంటుంది? తిరుపతి నుంచి ఒక అనుభవం

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న ఒక విద్యార్థి, యూనివర్సిటీ ప్రొఫెసర్ కావడానికి ఎంత కాలం పడుతుందని, ఆ జీవితం ఎలా ఉంటుందని అడిగారు. తిరుపతిలో ముప్పై ఏళ్లు ఈ పని చేసి పదవీ విరమణ పొందినవాణ్ణి కాబట్టి నా అనుభవం రాస్తున్నాను.

ఎమ్మెస్సీ తరువాత నెట్ (అధ్యాపక ఉద్యోగాలకు జాతీయ అర్హత పరీక్ష), పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆపైన ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూపు. నేను నాలుగేళ్లు ఎదురుచూశాను. ఆ కాలమంతా ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పాను. చేరిన తరువాత ప్రొఫెసర్ హోదాకు మరో పన్నెండు, పదిహేనేళ్లు పట్టడం మామూలే.

నా పరిశోధన రేర్ ఎర్త్ మూలకాలు కలిపిన గాజులపై సాగింది. రసాయనాలను తూచి, అగేట్ అనే గట్టి రాతి కల్వంలో మెత్తగా నూరి, వెయ్యి డిగ్రీల దగ్గర ఫర్నేసులో కరిగించి, వేడి చేసిన ఇత్తడి పలకపై పోసి, లోపలి ఒత్తిడి పోయేలా నెమ్మదిగా చల్లార్చాలి. మధ్యలో కరెంటు పోతే గాజు పగిలి, వారం రోజుల పని వృథా అయ్యేది. అయినా యూరోపియం అనే రేర్ ఎర్త్ మూలకం కలిపిన గాజు ముక్క చీకటిగదిలో అతినీలలోహిత కాంతి కింద ఎర్రగా వెలిగిన రోజు నాకు నిద్ర పట్టలేదు. 612 నానోమీటర్ల దగ్గరి ఆ ఎరుపును 590 దగ్గరి నారింజ రేఖతో పోల్చితే, గాజులో యూరోపియం అయాను (విద్యుదావేశం గల పరమాణువు) చుట్టూ ఉన్న అమరికలో సౌష్ఠవం ఎంత లోపించిందో తెలుస్తుంది. ఇటువంటి తీవ్రతలను లెక్కగట్టే సిద్ధాంతాన్ని జడ్, ఆఫెల్ట్ అనే శాస్త్రవేత్తలు 1962లో విడివిడిగా ప్రకటించారు.

అయితే నాకు పరిశోధన కంటే తరగతి గదే ఎక్కువ ఇచ్చింది. పడమటి మండలాల నుంచి, సత్యవేడు వైపు నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు క్వాంటమ్ మెకానిక్స్‌ను చూసి కాదు, ఇంగ్లీషును చూసి భయపడుతున్నారని గ్రహించడానికి నాకు రెండేళ్లు పట్టింది. అప్పటి నుంచి ప్రతి భావనను ముందు తెలుగులో చెప్పి, తరువాతే ఇంగ్లీషులో రాయించాను. ఏడాదంతా నోరు విప్పని పుంగనూరు అమ్మాయి ఒకరోజు, "పెట్టెలో బంధించిన ఎలక్ట్రాన్‌కు శక్తి సున్నా ఎందుకు కాకూడదు సార్?" అని అడిగింది. శక్తి సున్నా అయితే ద్రవ్యవేగం (మొమెంటమ్) కచ్చితంగా తెలిసిపోతుంది, అప్పుడు అనిశ్చితి సూత్రం ప్రకారం స్థానంలో అనిశ్చితికి హద్దు ఉండదు, కానీ అది పెట్టెలోనే ఉంది కదా అని నేను చెప్పడం పూర్తికాకముందే ఆమె మిగతాది తానే చెప్పేసింది.

ఒకసారి నా విద్యార్థులను తిరుపతి దగ్గరి గాదంకి తీసుకెళ్లి, వాతావరణపు పై పొరలను పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ చూపించాను. 1024 యాగీ యాంటెనాలలో ఒక్కటీ కదలకుండా, వాటికి పంపే తరంగాల ఫేజు (తరంగ దశ) మార్చినంత మాత్రాన 53 మెగాహెర్ట్జ్ కిరణపుంజం దిశ మారుతుందని విన్నప్పుడు, వ్యతికరణం (తరంగాలు ఒకదానితో ఒకటి కలవడం) పాఠం వాళ్లకు నిజంగా అర్థమైంది.

చివరి పదేళ్లలో ప్రశ్నపత్రాలు, కమిటీలు, తనిఖీల ఫైళ్లు నా సమయంలో సగం తీసుకున్నాయి; దానికి మీరు సిద్ధపడాలి. నిర్ణయించుకునే ముందు, మీ విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్నవారి పక్కన ఒక వారం ల్యాబులో కూర్చోండి.